మొక్కుబడి నుంచి సహవాసానికి

క్రైస్తవ సంఘాల్లో తరచుగా వినిపించే ‘దేవునితో సహవాసం’ అనే మాటకు, మనిషి కన్నతండ్రితో మాట్లాడినంత చనువుగా దేవునితో మాట్లాడుతూ, లేఖనాల ద్వారా ఆయన మాట వింటూ, విన్నదానికి తగినట్టు తన నడతను దిద్దుకుంటూ బతకడం అని అర్థం. మెదక్ జిల్లా రేగోడ్‌లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న క్రైస్తవ కుటుంబాలకు ఈ మాట కొత్తది కాదు. ప్రార్థన కూటంలో, పెండ్లి ఆశీర్వాదంలో, సమాధి దగ్గర చెప్పే వాక్యంలో వారు దానిని వింటూనే ఉంటారు. విన్నది అనుభవంలోకి రావడానికి ఏం చేయాలన్నది ఈ అధ్యాయం చర్చించే విషయం. ఈ ప్రాంతపు భక్తి ఏ దారిలో వచ్చిందో చూడకుండా ఇచ్చే సలహా ఇక్కడి మనిషికి అంటదు కనుక, ముందు ఆ దారిని కొంత పరిశీలించాలి.

19వ శతాబ్దం చివరి దశకంలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్ వచ్చి పని ప్రారంభించిన తరువాత, ఈ సీమలో క్రైస్తవ్యం ప్రధానంగా మాల, మాదిగ వాడల్లోకి, ఒక్కొక్క మనిషిగా కాక కుటుంబాలు కుటుంబాలుగా, కొన్నిచోట్ల వాడకు వాడగా ప్రవేశించింది. 1914లో మొదలై పదేళ్లు సాగిన మెదక్ చర్చి నిర్మాణం కరువు రోజుల్లో ఎందరికో పనిని, పనితోపాటు తిండిని ఇచ్చింది. 1924 డిసెంబరు 25న ఆ మందిరం ప్రతిష్ఠ జరిగింది. తరతరాలుగా గుడి మెట్టెక్కనివ్వని సమాజంలో, దేవుని ఇంటిని తమ చేతులతో కట్టి తామే ముందు వరుసలో కూర్చోగలగడం ఆ కుటుంబాలకు ఎంత పెద్ద సంగతో ఈ రోజు ఊహించడం కూడా కష్టమే. ఆ తరం సామూహికంగా తీసుకున్న నిర్ణయం గౌరవించదగినది. అయితే తాత తీసుకున్న బాప్తిస్మం మనవడికి పేరును, సంఘాన్ని, పండుగను ఇవ్వగలదే గానీ దేవునితో పరిచయాన్ని ఇవ్వలేదు. ఆ పరిచయాన్ని ప్రతి తరంలోనూ ప్రతి మనిషీ స్వయంగా చేసుకోవలసి ఉంటుంది.

ఈ ప్రాంతపు భక్తిలో రెండో పాయ మొక్కు. ఆపద వచ్చినప్పుడు దైవానికి ఒక మాట ఇచ్చి, ఆపద తీరగానే దానిని చెల్లించే ఆచారం మంజీర తీరమంతటా ఉంది. శివరాత్రికి ఏడుపాయల జాతరకు తరలివెళ్లే జనంలోనూ, క్రిస్మస్ తెల్లవారుజామున మెదక్ చర్చి ఆవరణలో కొవ్వొత్తులు వెలిగించే అన్ని మతాల జనంలోనూ అది కనిపిస్తుంది. మెదక్ అధ్యక్ష మండలంలోని జంగరాయి పరిసరాల గ్రామ సంఘాలను దగ్గరగా పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్ రాసిన గ్రంథం 1968లో వెలువడింది. కొత్త విశ్వాసంతోపాటు పాత పండుగలూ గ్రామదేవతల భయమూ క్రైస్తవుల ఇళ్లలో ఎలా కొనసాగుతున్నాయో ఆ గ్రంథం సానుభూతితో వివరించింది. ‘అధ్యక్ష మండలం’ అంటే ఒక బిషప్పు పర్యవేక్షణలో ఉండే సంఘాల సముదాయం. ఆ పుస్తకం వచ్చి అర్ధ శతాబ్దం దాటినా అందులోని ప్రశ్న పాతబడలేదు: అడిగింది ఇచ్చే శక్తిగా దేవుణ్ణి ఎరిగిన మనిషి, ఆయనను తండ్రిగా ఎరగడం ఎలా?

ఈ ప్రశ్న ఎదురైనప్పుడు కొందరు బోధకులు మొక్కును మూఢత్వమని తీసిపారేస్తారు. అది తొందరపాటు, బైబిలే అలా తీసిపారేయలేదు. ఆదికాండము 28వ అధ్యాయంలో, అన్న ఏశావు కోపానికి భయపడి ఇల్లు విడిచిన యాకోబు, పొద్దు గుంకిన చోట ఒక రాయి తలకింద పెట్టుకొని పడుకున్నప్పుడు, దేవుడు కలలో కనబడి ఏ షరతూ లేకుండా తోడుంటానని మాట ఇచ్చాడు. తెల్లవారి లేచిన యాకోబు చేసిన మొక్కు మాత్రం షరతులతో నిండి ఉంది: తనను దారిలో కాపాడి, తిండీ బట్టా ఇచ్చి, క్షేమంగా తండ్రి ఇంటికి తిరిగి చేరిస్తేనే ఆయన తనకు దేవుడవుతాడట, వచ్చిన దానిలో పదోవంతు అప్పుడు చెల్లిస్తాడట. దేవుడు ముందే ఉచితంగా ఇచ్చిన దానికి మనిషి బేరం పెట్టాడు. అయినా దేవుడు ఆ బేరానికి కోపగించుకోలేదు, అతణ్ణి విడిచిపెట్టలేదు.

ఇరవై ఏళ్లు మామ లాబాను కొలువులో మోసపోయి, మోసాలు చేసి, భార్యాపిల్లలతో తిరిగి వస్తున్న యాకోబు, అన్న నాలుగు వందల మందితో ఎదురు వస్తున్నాడని తెలిసి చేసిన ప్రార్థన 32వ అధ్యాయంలో ఉంది. దానిని మొదటి మొక్కు పక్కన పెట్టి చదవడం ఈ అధ్యాయానికి ఎంతో అవసరం. రెండో ప్రార్థనలో ‘ఇస్తే ఇస్తాను’ అన్న లెక్క లేదు. చేతికర్ర ఒక్కటే పట్టుకొని ఏరు దాటినవాడు ఇప్పుడు రెండు గుంపులయ్యాడని గుర్తుచేసుకుంటూ, పొందిన మేలుకు తాను తగనివాడినని అతడు ఒప్పుకున్నాడు. అన్నంటే భయంగా ఉందని దాచకుండా చెప్పాడు. దేవుడు లోగడ ఇచ్చిన మాటను దేవునికే గుర్తుచేసి, దానిని పట్టుకొని సహాయం అడిగాడు. అడగడం మానలేదన్నది గమనించాలి. సహవాసం పెరిగిన మనిషి కోరికలు లేనివాడు కాడు. కోరికను బేరంగా కాక మాటగా దేవుని ముందు పెట్టగలిగినవాడు. ఆ రాత్రే యబ్బోకు రేవు దగ్గర దేవునితో పోరాటం, కొత్త పేరు, కుంటి నడక అన్నీ వచ్చాయి. 35వ అధ్యాయంలో మళ్లీ బేతేలుకు, అంటే ఆ మొదటి మొక్కు చేసిన చోటికి, బయలుదేరేటప్పుడు యాకోబు తన ఇంటివారికి దేవుణ్ణి పరిచయం చేసిన తీరులో, తాను వెళ్లిన దారి అంతటా తోడుగా ఉన్నవాడన్న ఎరుక కనిపిస్తుంది.

మొక్కుకు ఎదురుగా నిలబెట్టదగిన ఆచారం మెదక్ సంఘాల సొంత వారసత్వంలోనే ఒకటి ఉంది. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ 1755లో లండన్‌లో నిబంధన ఆరాధన జరిపించాడు. ‘నిబంధన’ అంటే దేవునికీ మనిషికీ మధ్య కుదిరిన, ఇద్దరూ ఒకరికొకరు కట్టుబడే ఒడంబడిక. మెథడిస్టు వారసత్వం ఉన్న సంఘాలు కొత్త సంవత్సరం తొలి రోజుల్లో దీనిని ఆచరిస్తాయి. తనకు పని అప్పగించినా, పక్కన కూర్చోబెట్టినా, నిండుగా ఉంచినా, ఖాళీగా ఉంచినా తాను దేవుని మనిషిగానే ఉంటానని విశ్వాసి అందులో అంగీకరిస్తాడు. ఇలాంటి మాటను నోటితో పలకడానికి ముందు ఇంట్లో కూర్చుని ఆలోచించడం మంచిది: ఈ ఏడు బోరు ఎండితే, పిల్లకు అనుకున్న సంబంధం కుదరకపోతే, ఒంట్లో బాగాలేకపోతే ఈ మాట మీద నిలబడగలనా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. నిలబడలేనేమో అన్న సందేహం కలిగితే, ఆ సందేహాన్నే దేవునికి చెప్పుకోవడం ఆ ఆరాధనకు సరైన సిద్ధపాటు. కానుక వేస్తే రెట్టింపు వస్తుందనీ, ఫలానా నూనె రాస్తే రోగం పోయి తీరుతుందనీ చెప్పే కూటాలు ఇటీవల పల్లెల్లోకీ ఫోన్లలోకీ చేరాయి; అవి వాక్యాన్ని ఎంత గట్టిగా వల్లించినా, మనిషిని మళ్లీ యాకోబు మొదటి రాత్రికే తీసుకుపోతున్నాయి.

ఆచరణలోకి వస్తే, మొదటి అవసరం సొంత మాటతో ప్రార్థించడం. గ్రామ సంఘాల్లో ప్రార్థన అనగానే పాస్టరు అయ్యగారు పలికే బైబిలు భాష గుర్తుకు వస్తుంది. ఆ సమాసాలు, ఆ బిరుదులు నోరు తిరగని మనిషి తనకు ప్రార్థన రాదని తేల్చుకుని, ఆమెన్ అనడం వరకే తన వంతనుకుంటాడు. సంఘంగా కూడినప్పుడు ఆ గంభీరమైన భాషకు దాని స్థానం ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం మనిషి అమ్మతో, అక్కతో, చిన్ననాటి దోస్తుతో ఏ భాషలో మాట్లాడతాడో ఆ భాషే దేవునికీ చాలు. పత్తికి క్వింటాలు ధర పడిపోయిందనీ, అప్పిచ్చిన మనిషి వాకిట్లో నిలబడి నలుగురి ముందు నాలుగు మాటలన్నాడనీ, కొడుకు ఇంటర్ తప్పి మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదనీ పేరుపేరునా చెప్పుకోవాలి. “మమ్మల్ని, మా కుటుంబాలను కాపాడుము” అనే మాట తప్పు కాదు గానీ, రోజూ అదే చెప్పి ముగించేవారు తమ బతుకులోకి దేవుణ్ణి గడప దాకానే రానిచ్చినట్టు అవుతుంది.

ఒప్పుకోలుకూ ఇదే వర్తిస్తుంది. ఒప్పుకోలు అంటే చేసిన తప్పును దేవుని ముందు తప్పు అని అంగీకరించడం. ఆదివారం అందరూ కలిసి చదివే ఒప్పుకోలు ప్రార్థనలో తలపు, మాట, క్రియ అన్నీ కలిపి వస్తాయి. ఇంటి దగ్గర చేసే ఒప్పుకోలులో పొద్దున కోడల్ని చుట్టాల ముందు చిన్నబుచ్చిన మాట, కూలివాళ్ల లెక్కలో తగ్గించిన యాభై రూపాయలు, తాగి వచ్చిన రాత్రి పిల్లలు గోడ వైపు తిరిగి పడుకున్న సంగతి రావాలి. తప్పుకు పేరు పెట్టినప్పుడే క్షమాపణకు అర్థం తెలుస్తుంది, మరునాడు దిద్దుకోవలసింది ఏమిటో కూడా తెలుస్తుంది.

ఇలా మనసు విప్పడానికి బైబిలులో అందరికన్నా చేరువైన ఉదాహరణ హన్నా. 1 సమూయేలు గ్రంథం మొదటి అధ్యాయంలో, బిడ్డలు లేనందుకు సవతి ఏటేటా గుచ్చుతూ ఉంటే తిండి మానేసి ఏడ్చిన ఆ స్త్రీ, శిలోహులోని మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ఎంతో సేపు ప్రార్థించింది. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకుని మందలించాడు. తాను తాగలేదనీ, దేవుని ముందు తన ప్రాణాన్ని కుమ్మరించుకుంటున్నాననీ ఆమె బదులు చెప్పింది. హన్నా కూడా మొక్కింది. కొడుకు పుడితే దేవునికే అప్పగిస్తానంది. కానీ కథలోని కీలకం ఆ మొక్కు తీరడంలో లేదు. ఏలీ ఆశీర్వాదం విని వెళ్లిపోయి ఆమె భోజనం చేసిందని, ఆ తరువాత ఆమె ముఖంలో దుఃఖం కనబడలేదని గ్రంథం చెబుతుంది. అప్పటికి బిడ్డ లేడు, గర్భం లేదు, సవతి మారలేదు. కోరింది దక్కకముందే మనిషి తేలికపడింది. గొడ్రాలన్న మాట పడిన స్త్రీలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు కనుక, హన్నా కథ ఉన్న ఆ అధ్యాయాన్ని స్త్రీల కూటాల్లో తొందరపడకుండా, తీర్పులు చెప్పకుండా చదివించడం ఎంతైనా మంచిది.

స్థలమూ సమయమూ చిన్న సమస్యలు కావు. యేసు కొండమీది ప్రసంగంలో గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు (మత్తయి 6:6). ఒకే గదిలో ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు, మోగుతున్న టీవీ ఉన్న ఇంటికి ఆ గది ఎక్కడి నుంచి వస్తుంది? యేసుకూ సొంత గది ఉన్న దాఖలా లేదు. పేతురు ఇంటి వాకిట ఊరంతా పోగైన రాత్రి గడిచాక, ఇంకా చీకటి ఉండగానే లేచి ఆయన ఊరి బయట నిర్జన స్థలానికి వెళ్లాడని మార్కు రాశాడు (1:35). పల్లెలో అలాంటి చోట్లు వెతికితే దొరుకుతాయి: వారం రోజుల్లో ఖాళీగా ఉండే మందిరం, చెలక గట్టున వేపచెట్టు, డాబా మెట్లు, ఉపాధి హామీ పనికి నడిచివెళ్లే దారి. తెలుగు నేలపై ఎన్నో సంఘాలకు ప్రేరణ ఇచ్చిన బక్త్ సింగ్, ఉదయపు తొలి గంటల్లో మోకాళ్లమీద బైబిలు చదివి ప్రార్థించడాన్ని జీవితాంతం పాటించి నేర్పించాడు. గంటల కొద్దీ చేయలేని వారు పది నిమిషాలతో ఆరంభించడంలో చిన్నతనం లేదు. వారంలో ఒక రోజు రెండు గంటలు చేసి ఆరు రోజులు మానేయడం కన్నా, అదే చోట అదే వేళకు రోజూ పది నిమిషాలు కూర్చోవడం మేలు. నాట్ల కాలంలోనో పత్తి ఏరే రోజుల్లోనో వేళ తప్పితే, తప్పినందుకు కుమిలిపోకుండా మరునాడు మళ్లీ కూర్చోవాలి.

మాట్లాడడం సగమే, వినడం మిగతా సగం. క్రైస్తవులు దేవుని మాటను ప్రధానంగా లేఖనాల్లో, వాటి కేంద్రమైన యేసు జీవితంలో వింటారు. నూతన నిబంధన మొత్తం తెలుగులో 1818లోనే సేరంపూర్‌లో అచ్చయింది. అయినా మెదక్ సీమలో క్రైస్తవ్యం స్వీకరించిన మొదటి తరంలో చదువు వచ్చినవారు కొద్దిమందే కావడం వల్ల, ఆ తరం వాక్యాన్ని చెవితో విని, కీర్తనగా పాడుకుని గుండెలో నిలుపుకుంది. పురుషోత్తమ చౌదరి వంటి కవులు 19వ శతాబ్దంలో దేశి బాణీల్లో రాసిన కీర్తనలు తెలుగు సంఘాలకు అందించిన మేలు ఇంతింత కాదు. ఇప్పటికీ చదవలేని పెద్దలు ఉన్న ఇంట్లో, ఎనిమిదో తరగతి పిల్ల రోజూ సువార్తలో ఒక భాగం పైకి చదివితే ఇద్దరికీ లాభమే. ఫోన్‌లో బైబిలు పఠనం వినడం కూడా మంచి సాధనమే. పొద్దున లేవగానే వాట్సాప్‌లో వచ్చే వాక్యపు బొమ్మను చూసి పదిమందికి పంపించడం మాత్రం ధ్యానం కాదు. దానితో ఆ రోజు వంతు తీరిపోయిందనుకునే ప్రమాదం ఉంది.

ధ్యానం అంటే చదివిన చిన్న భాగం దగ్గర ఆగి, అందులోకి తానూ ప్రవేశించి, అది తనను అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఇవ్వడం. మార్కు సువార్తలో పదహారు అధ్యాయాలే ఉన్నాయి. రోజుకు అర అధ్యాయం చొప్పున అది దాదాపు ఒక నెలలో పూర్తవుతుంది కనుక కొత్తవారు దానితో మొదలుపెట్టవచ్చు. మచ్చుకు పదో అధ్యాయం చివరి భాగాన్ని తీసుకుంటే, యెరికో దారి పక్కన అడుక్కుంటున్న గుడ్డివాడు బర్తిమయి, యేసు పోతున్నాడని విని కేకలు వేశాడు. నోరు మూసుకోమని జనం గద్దించారు. అతడు మరింత గట్టిగా అరిచాడు. యేసు ఆగాడు, పిలిపించాడు; బర్తిమయి పైబట్ట పారేసి లేచి వచ్చాడు. ఇక్కడ చదివేవారు నిలబడి చూడవలసింది యేసు అడిగిన ప్రశ్నను: నీకేమి చేయాలని కోరుతున్నావని ఆయన ఆ గుడ్డివాణ్ణి అడిగాడు. కళ్లు లేనివాడికి ఏం కావాలో చూసే ప్రతి మనిషికీ తెలుసు, యేసుకు ఇంకా బాగా తెలుసు. అయినా ఆ మనిషి నోటినుంచే వినాలనుకున్నాడు. అన్నాళ్లూ జనం అతనికి చిల్లర వేశారు, కసిరారు. అతని మాట ఎవరూ అడగలేదు. చూపు వచ్చిన తరువాత వెళ్లవచ్చునని యేసు అన్నా, బర్తిమయి ఇంటికి పోకుండా ఆయన వెంట ఆ దారినే నడిచాడు; ఆ దారి యెరూషలేముకు, సిలువకు పోయే దారి. అవసరంతో మొదలైన పరిచయం వెంట నడవడంగా మారిన తీరు ఈ ఏడు వచనాల్లో పూర్తిగా ఉంది. దీనిని చదివిన మనిషి పుస్తకం మూసి, అదే ప్రశ్న తనను అడిగితే ఏం చెబుతాడో నిజాయితీగా చెప్పి, జవాబు చెప్పిన తరువాత కొంతసేపు ఏమీ అడగకుండా ఊరుకోవాలి. బైబిలు మిషనును 1938లో స్థాపించిన ముంగమూరి దేవదాసు, దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం గురించి ఎంతో బోధించాడు. ‘కనిపెట్టడం’ అంటే సంఘ భాషలో దేవుని కోసం ఓపికగా ఎదురుచూడడం.

కళ్లతో ధ్యానించాలనుకునేవారికి మెదక్ చర్చి కిటికీలు ఉన్నాయి. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన రంగు గాజు కిటికీల్లో బల్లపీఠం వెనుకనున్న ఆరోహణ చిత్రం 1927లోనూ, జననం 1947లోనూ, సిలువ 1958లోనూ అమరాయి. వాటిని ఫోన్‌లో పట్టుకుని వెళ్లిపోయేవారే ఎక్కువ. ఒక్క కిటికీ ఎదుట కొంతసేపు కూర్చుని, ఆ గుంపులో తాను ఏ మనిషి పక్కన నిలబడి ఉంటాడో, అక్కడినుంచి క్రీస్తు ముఖం ఎలా కనిపిస్తుందో ఆలోచించేవారికి ఆ ప్రయాణపు ఖర్చు దండగ కాదు.

పని వేళలో దేవుణ్ణి తలవడం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠపు వంటింట్లో ఏళ్లతరబడి పనిచేసిన బ్రదర్ లారెన్స్, గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిని తలుచుకోవడం అలవాటు చేసుకున్నాడు. పత్తి ఏరుతున్న చేతికి, బీడీ చుడుతున్న చేతికి, బస్సు నడుపుతున్న చేతికి అది అసాధ్యం కాదు; ఒక్క వాక్యమంత ప్రార్థన, ఎదురైన మనిషి కోసం ఒక్క మాట చాలు.

దేవుడు పలకనట్టు ఉండే కాలం గురించి మాత్రం తప్పక చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. ప్రార్థనలో ఏ స్పందనా కలగని రోజులు, నెలలు వస్తాయి, అడిగింది జరగదు, చుట్టూ ఉన్నవారు విశ్వాసం చాలలేదని, ఎక్కడో పాపం దాగి ఉందని తీర్పు చెబుతారు. యోబు స్నేహితులు చెప్పింది అదే, దేవుడు చివరకు వారిని కోప్పడ్డాడు. కీర్తనల గ్రంథంలో 13వ కీర్తన ఎంతకాలం, ఎంతకాలం అని దేవుణ్ణి నిలదీస్తుంది. 88వ కీర్తన ఓదార్పు ఏమీ లేకుండా చీకటి దగ్గరే ముగుస్తుంది. అలాంటి ప్రార్థనలను తీసివేయకుండా ఆరాధన గ్రంథంలోనే ఉంచారంటే, నిష్ఠూరం కూడా సహవాసంలో భాగమేనని అర్థం. తనకున్న ముల్లు తొలగించమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు. తొలగకపోయినా నిలబడడానికి కావలసిన కృప చాలునన్న జవాబు వచ్చింది (2 కొరింథీయులకు 12). కోల్‌కతాలో నిరుపేదల మధ్య పనిచేసిన మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు, దశాబ్దాల పాటు ఆమెకు దేవుని సాన్నిధ్యం అనుభూతికి అందలేదని లోకానికి తెలిసింది. ఆ దశాబ్దాల్లోనే ఆమె చేసిన సేవ అందరికీ తెలిసిందే.

ఇలాంటి కాలంలో ప్రార్థన నిడివి తగ్గించుకోవచ్చు, మానకూడదు. సొంత మాటలు రాకపోతే ఒక కీర్తనను అలాగే చదవాలి, అదీ చేతకాకపోతే సంఘం పాడుతున్నప్పుడు పక్కన కూర్చోవడమే ఆ రోజుకు ప్రార్థన. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, బతకాలనిపించకపోవడం వారాల తరబడి సాగితే అది డాక్టరుకు చూపించుకోవలసిన జబ్బు కావచ్చు. మందు వేసుకోవడం అవిశ్వాసమని చెప్పేవారి మాట వినకూడదు. మెదక్ మిషను ఆసుపత్రిని కూడా నడిపిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఈ ప్రయాణాన్ని ఒంటరిగా సాగించడం కష్టం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో కలిసిన మెదక్ సంఘాలకు, మెథడిస్టుల నుంచి సంక్రమించిన మరో సంపద తరగతి కూటం. 1742లో బ్రిస్టల్‌లో మందిరపు అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండు మందేసి చొప్పున విభజించి, ఒక్కొక్క గుంపుకు ఒక నాయకుణ్ణి పెట్టి వారం వారం ఒక్కో పెన్నీ వసూలు చేయించినప్పుడు, ఆ నాయకులు ఇంటింటికీ వెళ్లేసరికి మనుషుల నిజమైన బతుకులు తెలిశాయి. డబ్బు వసూలు కోసం పుట్టిన ఏర్పాటు ఆత్మల బాగోగులు కనుక్కునే కూటంగా మారింది. పల్లెలో నాలుగైదు కుటుంబాలు వారానికి ఒక సాయంత్రం ఒక ఇంట్లో కూడి, బోధ ఏదీ లేకుండా, ఈ వారం దేవునితో మీ మాట ఎలా సాగిందని ఒకరినొకరు అడిగితే చాలు. అక్కడ విన్నది గడప దాటకూడదన్న కట్టుబాటు ఉండాలి. అది లేని కూటంలో ఎవరూ నిజం చెప్పరు.

ఆ కూటానికి వెళ్లే దారిలోనే తప్పించుకోలేని పని మరొకటి ఎదురవుతుంది. కానుక తెచ్చినవాడికి సోదరుడితో తగవు గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని యేసు చెప్పాడు (మత్తయి 5:23-24). కళ్లెదుట ఉన్న సోదరుణ్ణి ప్రేమించలేనివాడు కనబడని దేవుణ్ణి ప్రేమించలేడని యోహాను తన మొదటి లేఖలో తేల్చాడు. గట్టు తగాదాతో మాటలు ఆగిపోయిన అన్నదమ్ములు, ఆస్తి పంపకంలో ముఖం చాటేసుకున్న వదినా ఆడబిడ్డలు ఒకే మందిరంలో చెరొక మూల కూర్చుని ప్రభు భోజన సంస్కారం తీసుకోవడం పల్లె సంఘాలకు తెలియని దృశ్యం కాదు. సమాధానం అంటే న్యాయాన్ని వదులుకోవడం కాదు. హద్దు రాళ్లు సర్వేయరు చేత కొలిపించుకోవచ్చు, పెద్దమనుషుల ముందు మాట్లాడుకోవచ్చు, భర్త చేత దెబ్బలు తింటున్న స్త్రీ ఆ ఇంటికి తిరిగి వెళ్లనక్కర లేదు. అలాంటి ప్రమాదం లేని మామూలు తగవుల్లో, తన వైపునుంచి జరిగిన తప్పును మాత్రం ముందుగా, అవతలివాడి తప్పును ఎత్తకుండా, ఆ ఇంటికి వెళ్లి చెప్పాలి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులు ఇందుకు మంచి అదును. ఉపవాసం ఉన్న రోజున మానేసిన పూట భోజనం ఖర్చును ఆ ఇంటి పిల్లలకు ఏదైనా కొనిపెట్టడానికి వాడుకోవచ్చు. అవతలివారు తలుపు తీయకపోతే మరో వారం మళ్లీ వెళ్లవచ్చు, లేదా ఇద్దరికీ కావలసిన మూడో మనిషితో కబురు పంపవచ్చు.